చిత్రశాలలో మైల

ఒకానొక రాజ్యంలో, పేరు చెప్పమంటే పైడిగుట్ట రాజ్యంలో, చిత్రభాను భూపతి అనే రాజు ఉండేవాడు. చిత్రభాను నామ సంవత్సరంలో పుట్టాడని ఆయనకు ఆ పేరు పెట్టారు. ఆయన మాత్రం చిత్రాల కోసమే పుట్టినవాణ్ణి గనుక పెట్టారని చెప్పుకునేవాడు. రాజు చెప్పుకుంటే కాదనేవాడెవడు?

బొమ్మల పిచ్చి ఆ వంశంలో మూడు తరాలుగా ఉంది. కోటలో తూర్పు వైపున ఏడు గదుల చిత్రశాల కట్టించుకున్నారు. దంతపు బొమ్మలు, అద్దాల మీద రాసిన దేవతలు, చీనా పింగాణీ గిన్నెలు, పూర్వీకుల చిత్తరువులు గదికి ఒక తీరుగా సర్ది ఉండేవి. తాళాలు రాజుగారి మొలకే వేలాడేవి. సాటి రాజులు వస్తేనే తలుపు తెరుచుకునేది. మంత్రి అంతటివాడు కూడా గడప బయటే నిలబడాలి. ఆ గడప దాటి లోపలికి పోయిన వస్తువు ఏదీ తిరిగి బయటికి రాలేదని చెబుతూ రాజు మీసం దువ్వుకునేవాడు. ఆ మీసమూ చూడదగ్గదే. దాన్ని దిద్దడానికి విడిగా ఒక మంగలి ఉండేవాడు.

ముందే చెబుతున్నాను, నేను నేతవాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి. ఈ కథలో మావాళ్ళ గొప్ప కాస్త ఎక్కువగా వినిపిస్తే ఆ తప్పు నాది కాదు, కథదే.

ఆ రాజ్యంలో ఓదయ్య అని పటం కథలు చెప్పేవాడు ఒకడుండేవాడు. పటమంటే గోడకు తగిలించేది కాదు. ముప్పై మూరల గుడ్డ మీద కథంతా మొదటి నుంచి చివరి దాకా బొమ్మలుగా రాసి ఉంటుంది. చాపలా చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతారు. రెండు గుంజలు పాతి, పటం కట్టి, ఒక్కో బొమ్మనూ పుల్లతో చూపిస్తూ పాటా మాటా కలిపి చెబుతారు. ఓదయ్య పటంలో ఉన్నది మా నేతవాళ్ళ కులకథ. దేవతలకు కట్టుకోను గుడ్డ లేనప్పుడు తామర తూడులోంచి దారం తీసి, మొట్టమొదటి బట్ట నేసిన కథ. నలభై ఊళ్ళ నేతవాళ్ళకు ఆ కథ చెప్పే హక్కు నాలుగు తరాలుగా ఓదయ్య ఇంటిదే.

ఒక ఏడు కార్తీకంలో రాజు నూలుపాడు అనే నేతవాళ్ళ ఊరి మీదుగా పోతూ ఆ పటం చూశాడు. అందులోని ఎరుపు చూసి గుర్రం దిగాడు. ఇది మా చిత్రశాలలో ఉండవలసిన వస్తువు అన్నాడు. ఓదయ్యకు అయిదెకరాల మాగాణి ఇస్తానన్నాడు. ఓదయ్య పటం అంచు వదల్లేదు. చుట్టూ ఉన్న నేతవాళ్ళు గొణుక్కున్నారు.

ఆ గొణుగుడు మాన్పించడానికి రాజు చెయ్యెత్తి, పెద్ద గొంతుతో ఇలా ప్రకటించాడు. "భయపడకండి. ఈ రోజు నుంచి ఈ పటం మా వంశంలోనిది. దీనికి మీరు ఏ ఆచారాలు చేస్తారో అవన్నీ మా ఇంటి ఆచారాలే."

పక్కనే ఉన్న పేరయ్య సిద్ధాంతి ఆ మాటను తాటాకు మీద రాసుకున్నాడు. రాజముద్ర పడింది. పటం చందనపు పెట్టెలోకి పోయింది, పెట్టె ఏడో గదిలోకి పోయింది.

పటం లేకుండా ఓదయ్య ఆ ఏడు ఏ ఊరికీ పోలేకపోయాడు. ఒక ఏడు పోకపోతే ఊళ్ళవాళ్ళు ఏమైందని అడుగుతారు. రెండో ఏడూ పోకపోతే ఆ ఊళ్ళ హక్కు మరో మేళానికి పోతుంది. అదీ కట్టుబాటు. కొత్త పటం రాయించుకుందామంటే ఇంకో చిక్కు ఉంది. పాతపటం బతుకు తీరాక దానికి మనిషికి చేసినట్టే అన్నీ చేసి ఏట్లో కలుపుతారు. అలా కలిపితే తప్ప కొత్త పటంలో బొమ్మలకు కళ్ళు దిద్ది ప్రాణం పోయరు. ఓదయ్య మూడుసార్లు కోటకు వచ్చాడు. మూడుసార్లూ వాకిలి దగ్గరే ఆపేశారు. మాగాణి పట్టా చేతికిస్తే మడిచి తిరిగి ఇచ్చేశాడు. మూడోసారి వాకిట్లో పేరయ్య సిద్ధాంతి కనిపిస్తే ఆయనతో చెప్పుకున్నాడు.

"కొత్తది రాయిద్దామంటే పాతది గంగల గలపాలె అయ్యగారూ. పాతది దొర పెట్టెల ఉన్నది. రేపు మార్గశిరం అస్తె నేను ఏం భుజాన ఏసుకొని పోవాలె?"

సిద్ధాంతి తల ఊపి లోపలికి పోయాడు. కోటలో ఈ పేరయ్య సిద్ధాంతి కొలువు చిన్నదే కానీ, ఆయన లేకపోతే పూట గడవదు. రోజూ పొద్దున రాజు ఎదుట పంచాంగం చదవాలి. తిథీ వారమూ నక్షత్రమూ చెప్పి, రాజుగారి దాయాదుల్లో చావూ పురుడూ ఏమీ లేకపోతే చివర "శుద్ధం" అనాలి. ఆ మాట వినిపించాకే రాజు సింహాసనం మెట్టు మీద కాలు పెట్టాలి. మైల ఉంటే పదకొండు రోజులు సింహాసనం లేదు, నగలు లేవు, అతిథులు లేరు. ముత్తాతల నాటి ఆచారం అది.

మర్నాడు సమయం చూసి సిద్ధాంతి ఓదయ్య సంగతి ఎత్తాడు. రాజు నవ్వేశాడు. త్వరలో ఏనుగుబండ రాజు చుట్టపుచూపుగా వస్తున్నాడు. ఆయనకు తన ఇంట ఉన్న దంతపు సామాను గురించి గొప్పలు పోవడం అలవాటు. ఆయన కళ్ళు చెదరగొట్టడానికే పటాన్ని దాచి ఉంచాడట.

"చిత్రశాల గడప దాటి బయటికి వచ్చిన వస్తువు లేదు సిద్ధాంతిగారూ," అన్నాడు రాజు. "ఏనుగుబండ వారు వచ్చేలోగా, మా అంతట మేమే మా నోటితో ఆ పటం పంపించేయండి అనేలా చేయగలిగితే మీరు అడిగింది ఇస్తాం. ప్రాధేయపడకూడదు. పాపమని భయపెట్టకూడదు."

"ప్రాధేయపడను, భయపెట్టను ప్రభూ," అన్నాడు సిద్ధాంతి. "పంచాంగం మాత్రం చదువుతాను. అది నా కొలువు."

ఏనుగుబండ రాజు మూడు రోజుల్లో వస్తాడనగా, ఒక పొద్దున సభ నిండా జనం ఉన్నారు. సిద్ధాంతి తిథి చెప్పాడు, వారం చెప్పాడు, నక్షత్రం చెప్పాడు, పుస్తకం మూసేశాడు. రాజు ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడ్డాడు. శుద్ధం అనే మాట రాలేదు.

"ఏమైంది?" అన్నాడు రాజు.

"మైల వచ్చింది ప్రభూ."

సభలో కలకలం రేగింది. రాజుగారి దాయాదులు డెబ్బై ఇళ్ళవాళ్ళు. ఎవరు పోయారోనని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. కబురు అంతఃపురానికి పాకింది. అక్కడ ఒక ముసలి మేనత్త ఎందుకైనా మంచిదని ఏడుపు మొదలుపెట్టేసింది. రాజు ఎత్తిన కాలు దించి, పోయిందెవరని అడిగాడు.

"వయసు తొంభై దాటింది ప్రభూ. మన ఇంటికి వచ్చి నిన్నటికి సరిగ్గా ఏడాది. వచ్చిన నాటి నుంచి ఒక్క మాట మాట్లాడింది లేదు. ఏడో గదిలో ఉంది."

రాజుకు అప్పుడు అర్థమైంది. గుడ్డకు చావేమిటని పకపకా నవ్వాడు. సభ కూడా నవ్వింది. సిద్ధాంతి తొందరపడలేదు. పటం వాళ్ళ ఆచారం ఏమిటో చెప్పాడు. ఏడాది పొడుగునా విప్పని పటాన్ని, కథ చెప్పని పటాన్ని వాళ్ళు చనిపోయినట్టే లెక్క వేస్తారు. అది ఎవరి ఇంట ఉంటే ఆ ఇంటి యజమాని మైల పడతాడు. మీసం తీయించుకుని, దాన్ని నెత్తిన పెట్టుకుని ఏటికి పోవాలి.

అది వాళ్ళ ఆచారం, మాది కాదు అన్నాడు రాజు. సిద్ధాంతి మెల్లగా సంచిలోంచి తాటాకు తీశాడు. "దీనికి మీరు ఏ ఆచారాలు చేస్తారో అవన్నీ మా ఇంటి ఆచారాలే." కింద రాజముద్ర ఉంది. సభలో నవ్వు ఆగిపోయింది. రాజు చెయ్యి దానంతట అదే మీసం మీదికి పోయింది.

"దాన్ని మేం ఎంత మర్యాదగా చూసుకున్నామో మీకు తెలియదా?" అన్నాడు రాజు, కాస్త కోపంగానే. "చందనపు పెట్టె చేయించాం. పట్టుబట్ట చుట్టాం. కర్పూరం వేయించాం."

"అన్నీ చేయించారు ప్రభూ," అన్నాడు సిద్ధాంతి. "చందనం, పట్టుబట్ట, కర్పూరం. మనిషికైతే ఈ మూడూ కలిపి ఎప్పుడు పెడతామో ఏలినవారికి తెలియనిది కాదు."

మంత్రి దగ్గు వచ్చినట్టు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. రాజు ముఖం ఎర్రబడింది. మూడు రోజుల్లో ఏనుగుబండ రాజు వస్తాడు. వచ్చేసరికి తాను సింహాసనం లేకుండా, నగలు లేకుండా, ముఖ్యంగా మీసం లేకుండా ఎదురుపడాలి. ఇందులో వెసులుబాటు ఏమీ లేదా అని అడిగాడు.

ఒకటుంది అన్నాడు సిద్ధాంతి. ఈ సాయంత్రం లోపు పటం విప్పి, కథ చెప్పి చూడవచ్చు. పలికితే అది స్పృహ తప్పిందే కానీ పోలేదని లెక్క.

"అంతే కదా? మేమే పలికిస్తాం," అన్నాడు రాజు. బొమ్మల సంగతి తనకంటే తెలిసినవాడు రాజ్యంలో లేడని ఆయన గట్టి నమ్మకం.

పెట్టె తెప్పించారు. మూత తీయగానే సభంతా కర్పూరం వాసన. భటులు ఇద్దరు ఈటెలు నిలబెట్టి పటాన్ని వాటికి కట్టారు. రాజు చేత్తో పుల్ల పట్టుకుని మొదలుపెట్టాడు. "ఇదిగో, ఇది యుద్ధం. ఈటెలు పట్టుకుని బారులు తీరిన సైన్యాన్ని చూడండి."

స్తంభం పక్క నుంచి ఎవరో నవ్వు ఆపుకున్న శబ్దం వినిపించింది. కోటకు పంచెలు నేసే భూమయ్య, అతిథి వచ్చే రోజు కోసం కొత్త ధోవతి తెచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. నోరు గట్టిగా మూసుకున్నాడు కానీ రాజు చూసేశాడు. ఏమిటో చెప్పమన్నాడు.

"అవి ఈటెలు గావు దొరా," అన్నాడు భూమయ్య. "పడుగు పుల్లలు. మా వాళ్ళు మగ్గానికెక్కిచ్చే నూలు దారాలను వీధిల పడుగు సాపుతున్నరు."

రాజు గొంతు సవరించుకుని తరువాతి బొమ్మ చూపించాడు. సేనాపతి గుర్రం ఎక్కుతున్నాడన్నాడు. అది గుర్రం కాదని, మగ్గమని భూమయ్య చాలా మర్యాదగా చెప్పాడు. ఆపైన ఇంకో సంగతి తేలింది. పెట్టెలో పెట్టినవాడెవడో పటాన్ని తిరగేసి చుట్టాడు. తల లోపలికి పోయి తోక బయటికి వచ్చింది. రాజు కథను చివరి నుంచి చెబుతున్నాడు. రాజు వంగి తన ధోవతి అంచు చూసుకున్నాడు. అది ఆ పుల్లల మీదే పుట్టింది. ముప్పై ఏళ్ళుగా కట్టుకుంటున్నాడు, అది ఎలా తయారవుతుందో ఒక్కసారీ చూడలేదు. పుల్ల కింద పెట్టేసి, దీన్ని పలికించేవాడు ఎక్కడున్నాడని అడిగాడు.

ఓదయ్య కోట వాకిట్లోనే ఉన్నాడు. ముందు రోజే సిద్ధాంతి కబురు పంపాడు. లోపలికి వచ్చి ఒక్క దండం పెట్టాడు. చెంబుడు నీళ్ళు అడిగి చేతులు కడుక్కున్నాడు. పటం విప్పించి, తోక నుంచి తల దాకా మళ్ళీ సరిగా చుట్టుకున్నాడు. ముప్పై మూరలూ చుట్టేదాకా రాజు మంత్రి పక్క ఆసనం మీదే, సామంతులతో పాటు కూర్చుని చూశాడు. నాలుగు తరాల వాళ్ళ చేతులు పడిన గుడ్డ అది. దాన్ని ఆయన తాకిన తీరు చూస్తే, ఏడాది తరువాత కన్నతల్లిని చూసినట్టు ఉందని మా తాతలు చెప్పేవాళ్ళు.

తరువాత కథ మొదలుపెట్టాడు. ఆ కథ నేనిక్కడ రాయను. రాస్తే సగం పోతుంది. ఓదయ్య పుల్ల పెట్టిన చోటల్లా బొమ్మ కదిలింది. తామర కొలను దగ్గర ఆయన గొంతు పలచబడింది, మగ్గం దగ్గర ఆయన పాదం మగ్గం తొక్కినట్టే ఆడింది. ఇంద్రసభకు దేవతలంతా బయలుదేరబోయి, కట్టుకోను ఏమీ లేక గుమ్మంలో ఆగిపోయిన బొమ్మ వచ్చింది. అక్కడ పుల్ల ఆపి, సభ వైపు తిరిగి అన్నాడు.

"దేవుండ్లయినా మావోళ్ళు నేసిన గుడ్డ గట్టినంకనే సభకు పోయిన్రు."

మంత్రి, సామంతులు, రాజు అందరూ తమ ఒంటి మీది బట్టల వైపు ఒకసారి చూసుకున్నారు. స్తంభం పక్కన భూమయ్య నిటారుగా నిలబడ్డాడు. ఈ మాట రాసేటప్పుడు నా వెన్నూ నిటారుగానే ఉంది.

కథ ముగియగానే రాజు సంబరంగా లేచాడు. పటం పలికింది, చావు లేదు, మైల లేదు. సిద్ధాంతి ఓడిపోయాడు. పటాన్ని తిరిగి పెట్టెలో పెట్టమనబోయాడు.

"ఆగున్రి దొరా, ఇంక దీవెన గాలే," అన్నాడు ఓదయ్య.

పటం కథ దీవెనతో తీరుతుంది. విన్నవాళ్ళలో తమ ఊళ్ళవాళ్ళు ఎవరుంటే వాళ్ళ వంశం మొత్తం పేరుపేరునా చెప్పి దీవిస్తారు. ఏ కాగితమూ చూడరు. ఓదయ్య భూమయ్య వైపు తిరిగి మొదలుపెట్టాడు. భూమయ్య, అతని తండ్రి నంబయ్య, అతని తండ్రి చుక్కయ్య, ఆ పైన కరువులో ఊరంతటికీ గంజి పోసిన రామక్క కొడుకు ఎర్రయ్య. అలా తొమ్మిది తరాలు చెప్పాడు. భూమయ్యకే నాలుగు తరాలకు మించి తెలియదు. అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

ఓదయ్య పుల్ల కింద పెట్టి పటం చుట్టడం మొదలుపెట్టాడు. రాజు ఎదురుచూశాడు. ఇంకాసేపు ఎదురుచూశాడు. తరువాత ఉండబట్టలేక అడిగాడు. "మరి మా పేరు?"

"పటాన్ని సాకినోళ్ళ పేర్లే పటం జెప్తది దొరా," అన్నాడు ఓదయ్య. ఆ గొంతులో కోపం లేదు, భయమూ లేదు. "దాసిపెట్టినోళ్ళ పేరు జెప్పే ఆచారం మాకు లేదు."

అప్పుడు సిద్ధాంతి మామూలుగా, వాతావరణం గురించి మాట్లాడినట్టు అన్నాడు. "ఏలినవారి ముత్తాతగారి చిత్తరువు మూడో గదిలో ఉందని విన్నాను. నిలువెత్తుదట, బంగారు రేకు అంటించారట. లోపలికి ఎవరూ పోరు గనుక ఆయన ముఖం ఎలా ఉంటుందో ఈ సభలో ఒక్కరికీ తెలియదు."

రాజు మొలనున్న తాళాల వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఏడు గదులు నింపింది తన పేరు నిలవాలనే. భూమయ్య వంశంలోని రామక్క పేరు, గంజి పోసిన ఒక నేతగత్తె పేరు, నిండు సభలో మోగింది. ఆవిడకు గది లేదు, తాళం లేదు.

ఎన్ని ఊళ్ళలో చెబుతావని ఓదయ్యను అడిగాడు. నలభై అన్నాడు. ఎన్నేళ్ళు చెబుతావంటే, ఈ పటం ఉన్నన్నాళ్ళు, దీన్ని గంగలో కలిపాక కొత్త పటం ఉన్నన్నాళ్ళు అన్నాడు.

"ఏనుగు మీద పంపించండి," అన్నాడు రాజు. "ఎల్లుండి మార్గశిరం వస్తోంది. పటం నూలుపాడు చేరాలి."

"శుద్ధం," అన్నాడు సిద్ధాంతి.

రాజు సింహాసనం మెట్టు మీద కాలు పెట్టి, అక్కడే ఆగి వెనక్కి తిరిగాడు. తన నోటితో తానే పంపించేశానని అప్పుడు తట్టింది. సిద్ధాంతి ప్రాధేయపడలేదు, భయపెట్టలేదు. పటాన్ని ఒక్కసారి విప్పించాడు, అంతే. ఏం కావాలో అడగమన్నాడు రాజు.

"ఏలినవారి మీసం అడుగుదామనుకున్నాను," అన్నాడు సిద్ధాంతి. "ఉన్నచోటే బాగుంది, ఉండనివ్వండి. నూలుపాడు కథకు ఏలినవారు రావాలి. నేల మీద కూర్చుని వినాలి. అదీ నాకు కావలసింది."

మూడో రోజు ఏనుగుబండ రాజు దంతంతో చేసిన రథం ఒకటి పట్టుకుని దిగాడు. ఏడో గదిలో ఖాళీ పెట్టె చూసి, ఇందులో ఏముండేదని వెటకారంగా అడిగాడు. చూడాలంటే బయలుదేరండి అన్నాడు చిత్రభాను భూపతి. మధ్యాహ్నానికి నూలుపాడు వీధిలో, పడుగు పుల్లలు పక్కకు తీసి పరిచిన చాప మీద ఇద్దరు రాజులూ బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. చుట్టూ నేతవాళ్ళు, వాళ్ళ పిల్లాపాపలు. పడుగు పుల్లలు వచ్చిన చోట పైడిగుట్ట రాజు పక్కకు వంగి, అవి ఈటెలు కావని ఏనుగుబండ రాజుకు ఎంతో తెలిసినవాడిలా చెప్పాడు. వెనక నుంచి భూమయ్య అది విన్నాడు.

కథ అయింది. ఓదయ్య దీవెన ఎత్తుకున్నాడు. ఊరి పెద్దల పేర్లు చెప్పాడు, భూమయ్య ఇంటి తొమ్మిది తరాలు చెప్పాడు. ఆ తరువాత, పటాన్ని మళ్ళీ తొవ్వ పట్టించిన చిత్రభాను భూపతి సల్లగుండాలె అన్నాడు. ఊరంతా ఒక్క గొంతుతో ఆ మాట అందుకుంది. సన్నాయిలూ నగారాలూ ఎన్ని విన్నవాడైనా రాజు ఒళ్ళు అప్పుడు జలదరించింది.

ఏనుగుబండ రాజు తన పేరు కోసం కాసేపు చూసి, లేదని తెలిశాక, ఇవతలి రాజు చెవిలో అన్నాడు. "మీ పేరు మీ పంచెలు నేసేవాడి తరువాత వచ్చింది, గమనించారా?"

"గమనించాం," అన్నాడు చిత్రభాను భూపతి. "నేసినవాడి తరువాతే కదా కట్టుకున్నవాడు."

అని మీసం అదిరేలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఊరు నవ్వింది, ఏనుగుబండ రాజూ ఇక చేసేది లేక నవ్వాడు. రాజు భుజాన ఉన్న జరీ ఉత్తరీయం తీసి, పేరయ్య సిద్ధాంతిని దగ్గరికి పిలిచి, అందరి ఎదుటా ఆయన భుజాన కప్పాడు. కప్పే ముందు దాన్ని నేసిందెవరని అడిగి, ఆ పేరు కూడా పైకి చెప్పాడు.